నాదీ కోడలిదీ ఫుల్లు, పిల్లిది హాఫు

మా అత్త చనిపోయి నెల కావస్తోంది. ఇప్పటికీ పరామర్శకు ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు కాసేపు తల వంచుకుని కూర్చుంటారు. టీ తాగుతారు. గ్లాసు కింద పెట్టీ పెట్టగానే ఒకటే మాట.

"ఏటైనా అనండి, విమానంలో పిల్లికి హాఫ్ టిక్కెట్టు కొన్న మనిషి మీ అత్తొక్కతే!"

ఆ వెంటనే నవ్వు. చావు జరిగిన ఇల్లు కదా అని గుర్తొచ్చి కొంగులూ కండువాలూ నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఒకాయన చెప్పినదాంట్లో పిల్లి సీటు బెల్టు కట్టుకుని కూర్చుంది. ఇంకొకావిడ చెప్పినదాంట్లో కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ హైదరాబాదు దాకా కునికింది. నిన్న వచ్చిన టైలరుగారైతే విమానంలో దానికి పాలు పోశారని, ఆ పాలు పలచగా ఉన్నాయని మా అత్త గొడవ పెట్టుకుందని కూడా చెప్పారు.

వీళ్ళెవరూ అక్కడ లేరు. ఉన్నది నేను. కాని నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. వచ్చిన కోపాలన్నీ ఎప్పటికప్పుడు డైరీలో రాసుకుని పడుకుంటాను. ఈ కోపం డైరీలో పట్టడం లేదు.

అత్త మా నాన్నకు అక్క. నర్సీపట్నం డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. రిటైరైందని డిపోవాళ్ళకు తెలుసు, మాకు తెలుసు, ఆవిడకే తెలియదు. ఆటో కదలాలంటే దాని పక్కన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది. ఫ్రిజ్జు తలుపు వేసినా రెండు దెబ్బలు. ఫోనులో 'ఉంటాను' అనేది కాదు, 'రైట్' అని పెట్టేసేది. అవతలివాళ్ళ మాట సగంలో ఉన్నా సరే. పెళ్ళిళ్ళలో భోజనాల వరుస దగ్గర నిలబడి, ఎవరూ అడగకుండానే, "ముందుకి జరగండమ్మా, జరగండి, ముందర బోల్డు ఖాళీ ఉన్నాది" అని అరిచేది. కొత్త పట్టుచీరల ఆడవాళ్ళు ఉలిక్కిపడి నిజంగానే జరిగేవారు. నేను ప్లేటు పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళి చేతులు కడుక్కునే చోట నిలబడేదాన్ని, ఆవిడ మా మనిషి కాదన్నట్టు. అక్కడికీ వచ్చేది. "ఏటే కోడలా, ఖాళీ బస్సులో వెనక సీటు పట్టుకున్నావు?"

నా మాట్లాడకపోవడం ఆవిడకు ఒక జబ్బులా కనిపించేది. దానికి వైద్యం కూడా ఆవిడే చేసేది. ఏ కొట్టుకెళ్ళినా నన్ను ముందుకు తోసి, "మా కోడలు అడుగుతాది" అని వెనక నిలబడిపోయేది. కొట్టతను నా వైపు చూసేవాడు. నేను నా చెప్పుల వైపు చూసుకునేదాన్ని. "గట్టిగా అడగవే. ఆఖరి సీటోడికి ఇనపడాల" అనేది వెనకనుంచి. కుంకుడుకాయలు అడగడానికి ఆఖరి సీటువాడికి ఎందుకు వినపడాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆవిడకు ఒకే ఒక్క నియమం ఉండేది. ఊపిరున్నదానికి టిక్కెట్టు ఉండాలి. బస్సుల్లో కోళ్ళకూ మేకలకూ టిక్కెట్టు కొడతారు కదా. చింతపల్లి ఘాటు రోడ్డులో చీర కుచ్చిళ్ళలో కోడిపెట్టను దాచుకున్న ముసలమ్మను, కోడి అరవకుండానే పట్టుకుందని డిపోలో చెప్పుకునేవారు. మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. సొంత అక్క బస్సే కదా అని మా నాన్న టిక్కెట్టు తీసుకోకుండా కృష్ణదేవిపేటకు బయల్దేరితే, దారిలో పొలాల మధ్య బస్సు ఆపించి దింపేసింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "అక్కడ నీడ ఉన్నాదేట్రా?" అని అడిగిందట. లేదని నాన్న అంటే, "మరి టిక్కెట్టు తీసుకోలేకపోయావా" అంది.

అత్తకు ఒక చెల్లెలు, మా చిన్నత్త. ఇద్దరూ మార్కెట్టు వెనక వీధిలో ఒకే ఇంట్లో ఉండేవారు. చిన్నత్తకు ఒక పిల్లి ఉండేది, పేరు బంగారి. చిన్నత్త దానికి అన్నం పెట్టి, అది తిన్నాక తను తినేది. అత్తకూ బంగారికీ మాత్రం పడేది కాదు. "దొంగమొకందానా, దారికి అడ్డం లెగు" అని ఇల్లంతా దాన్ని జరుపుతూ తిరిగేది. అది జరిగేది కాదు. అత్త జీవితంలో చెప్పినా జరగని ప్రాణి అదొక్కటే.

చిన్నత్త గుమ్మంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. హైదరాబాదులో ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించింది. ఆ అమ్మాయి నాకు వదిన అవుతుంది. ఎముక అతుక్కుంటోంది కాని చిన్నత్త తిండి మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుంటుందట. నోట్లో చెంచా పెడితే పళ్ళు బిగిస్తుందట. ఇలాగైతే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పొయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడని వదిన ఫోనులో ఏడ్చింది. నేను అప్పుడు అత్త పక్కనే ఉన్నాను.

"ఏటడుగుతాది మీ అమ్మ?" అంది అత్త.

"ఏమీ అడగదు పెద్దమ్మా. బంగారి అన్నం తిందా, అంటుంది. అదొక్కటే."

"రైట్" అని ఫోను పెట్టేసి, ఫ్రిజ్జు పక్కన పడుకున్న బంగారి వైపు అదోలా చూసింది. "పదవే దొంగమొకందానా. నీకు డ్యూటీ పడ్డాది."

రైలు గురించి కనుక్కుంటే పిల్లిని బోనులో పెట్టి గార్డు బోగీలో వేస్తారని ఎవరో చెప్పారు. "ఊపిరున్నదాన్ని సామాన్లలో ఏస్తారేటి?" అని అక్కడితో రైలు మానేసింది. దారి చూపించింది పశువుల ఆసుపత్రి డాక్టరుగారు. ఈమధ్య కొన్ని విమానాల్లో కుక్కనూ పిల్లినీ మనతోపాటే లోపలికి తీసుకెళ్ళనిస్తున్నారని, మెత్తటి సంచిలో పెట్టి సీటు కింద పెట్టుకోవాలని, ముందే వాళ్ళకు చెప్పి ఒప్పుకున్నాకే బయల్దేరాలని ఆయన చెప్పారు. బంగారి ఆరోగ్యంగా ఉందని కాగితం రాసిచ్చారు. ఎవరో వదిలేసిపోయిన వల సంచి కూడా ఒకటి ఇచ్చారు. ఇన్ని చెప్పినాయన మాటల్లో 'ముందే చెప్పి' అన్నది తప్ప మిగతావన్నీ అత్త వింది.

నెట్ సెంటరుకు నన్ను తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్ళలేదని ఇప్పటికీ నా బాధ. అక్కడ ఏం జరిగిందో ఆ నెట్ సెంటరాయన తర్వాత మా ఇంటికొచ్చి ఒట్టేసి మరీ చెప్పాడు. అత్త నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. "హైదరాబాదు. నాదీ కోడలిదీ ఫుల్లు, పిల్లిది హాఫు. బేగి కొట్టు" అంది. ఆయన 'పిల్లది' అనుకున్నాడు. పేరు అడిగితే బంగారి అంది. వయసు అడిగితే నాలుగు అంది. ఆడా మగా అంటే ఆడ అంది. ఆయన అడిగినవాటికి ఆవిడ చెప్పినవన్నీ నిజాలే. మనవరాలు కాబోలు అనుకుని ఆయన కొట్టేశాడు. హాఫ్ టిక్కెట్టు వచ్చింది కాబట్టి లెక్క సరిపోయిందని ఆవిడ మడతపెట్టి జాకెట్టులో పెట్టుకుంది. చూస్తానంటే నాకు ఇవ్వలేదు. "టిక్కెట్లు కండక్టరు కాడే ఉండాల."

విశాఖ బస్సులో బంగారి దారంతా అరుస్తూనే ఉంది. అత్త దానికీ టిక్కెట్టు తీసుకుంది. ఆ కుర్ర కండక్టరుకు ఆవిడ తెలుసు. "వద్దు మేడమ్, మీ దగ్గరేటి" అన్నాడు. "కొట్టు బాబూ కొట్టు. సెకింగోడొస్తే మెమో నీకిస్తాడు, పిల్లికివ్వడు" అంది. బస్సంతా మమ్మల్నే చూసింది. నేను కిటికీ బయట చెరుకుతోటల్లోకి చూస్తూ ఒళ్ళో పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నానని చాలాసేపటికి తెలిసింది.

విమానాశ్రయం కౌంటరులో నా వయసు అమ్మాయే ఉంది. తెర వైపు చూసి నవ్వుతూ అడిగింది. "చైల్డ్ ఎక్కడున్నారు మేడమ్?"

అత్త సంచిని ఎత్తి ఆ అమ్మాయి ముందు పెట్టింది. "ఇదుగో. ఇప్పుడే పడుకున్నాది. లేపమంటారా?"

ఆ అమ్మాయి సంచిలోకి చూసింది, తెర వైపు చూసింది, మళ్ళీ సంచిలోకి చూసింది. "ఇది పిల్లి అండీ."

"పిల్లి కాక ఏటనుకున్నారు?"

"టిక్కెట్టులో బంగారి, ఆడ, నాలుగేళ్ళు, చైల్డ్ అని ఉంది."

"అవును. బంగారే. ఆడదే. నాలుగు నిండినాయి. అబద్ధమేటున్నాది అందులో?"

వెనక వరుస పెరుగుతోంది. పక్క కౌంటరు దగ్గర ఒకావిడ ఇలాంటి సంచిలోనే చిన్న కుక్కపిల్లను పట్టుకుని నిలబడి ఉంది. అత్త దాన్ని చూసింది. "మరి ఆవిడదాన్ని ఎలాగ ఎక్కిస్తన్నారు?"

"వాళ్ళు పెట్ అని ముందే బుక్ చేసుకున్నారండీ."

"పెట్టా? నాకు కుక్కలాగ కనిపిస్తన్నాది."

వరుసలో ఎవరో నవ్వారు. ఒకతను ఫోను ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. కౌంటరు అమ్మాయి సాయం కోసం నా వైపు చూసింది. "ఆఁ, మా కోడలు మాట్లాడతాది" అంది అత్త. అందరూ నా వైపు తిరిగారు. ఆ అమ్మాయి నాకు మెల్లగా చెప్పింది. కాగితాలన్నీ ఉన్నాయి, సంచి కూడా సరైనదే, కాని ఒక్కో విమానంలో ఇన్ని జంతువులే అని లెక్క ఉంటుంది, ఈ రోజుకి అది నిండిపోయింది. ఇప్పుడు బుక్ చేసుకుంటే ఎల్లుండి విమానంలో వెళ్ళొచ్చు.

"ఎల్లుండికి గొట్టం ఎట్టేస్తారు!" అని అరిచింది అత్త. డిపో గొంతు అది. దూరంగా తుపాకీతో నిలబడ్డ జవాను కూడా ఇటు తిరిగాడు. "టిక్కెట్టు నేకుండా ఎక్కుతున్నానా నాను? దానికి సీటున్నాది! సీటు కొన్న పేసింజరిని దింపే రూలు ఏ డిపోలో ఉన్నాది?" నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఆవిడ నన్ను అంతగా విసిగించిన రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. బంగారి లేచి అది కూడా అరవడం మొదలుపెట్టింది.

కౌంటరు అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడమ్, ఇప్పుడు నేను ఎక్కించేస్తే నా డ్యూటీ పోతుందండీ."

అత్త ఆగిపోయింది. అరుపు మధ్యలో, నోరు తెరిచి ఉండగానే ఆగింది. కాసేపు ఆ అమ్మాయి మెళ్ళో వేలాడే కార్డు వైపు చూసింది. సంచిని మెల్లగా కిందికి దించుకుంది.

"కొత్తగా జేరినావేటి?"

"అవునండీ."

"నీళ్ళు తాగు. మొకం తుడుసుకో. ఎనకోళ్ళు చూస్తన్నారు." అని, "రైట్" అంది.

నన్ను పక్కకు లాగి నా చేతిలో నా టిక్కెట్టు పెట్టింది. "నువ్వెక్కు. నాను దీన్నట్టుకుని బస్సుల్లో వచ్చేస్తాను. ఆర్డినరీ బస్సుల్లో దీన్ని వద్దనోళ్ళు లేరు. మారి మారి వస్తాను."

"నేనొక్కదాన్నీ వెళ్ళలేను అత్తా." నా గొంతు నాకే వినపడలేదు.

"ఎల్లాల. నువ్వెళ్ళి, నాను వచ్చేదాకా గొట్టం ఆపించు. నోరెట్టి సెప్పు. ఆఖరి సీటోడికి..." అని ఆగి, నా ముఖం చూసి, "డాక్టరుకి ఇనపడితే చాల్లే" అంది. భుజం మీద రెండు దెబ్బలు కొట్టింది. నేను ఆటోలాగా కదిలాను. వెనక్కి తిరిగి చూస్తే సంచి చంకలో పెట్టుకుని, ఎదురొచ్చేవాళ్ళను జరగమంటూ బయటికి వెళ్ళిపోతోంది.

నా పక్కన రెండు సీట్లు ఖాళీగా వచ్చాయి. ఒకటి అత్తది, ఒకటి బంగారిది.

హైదరాబాదులో వదిన నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. చిన్నత్త తల తిప్పి నా చేతుల వైపు చూసింది. నా చేతులు ఖాళీ. "అత్త వస్తోంది. బంగారిని తెస్తోంది" అన్నాను. నమ్మలేదు. గోడ వైపు తిరిగిపోయింది. డాక్టరుకు ఫోను కలిపి వదిన నాకే ఇచ్చింది, తనకు ఏడుపొస్తోందని. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, "రేపు సాయంత్రం దాకా ఆపండి" అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి కిటికీ అవతల బట్టలు ఆరేస్తున్నావిడ తలెత్తి చూసింది. "సరే, రేపు సాయంత్రం దాకా చూద్దాం" అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం అత్త వచ్చింది. కాళ్ళు వాచి చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయాయి. జుట్టంతా దుమ్ము. ఎన్ని బస్సులు మారిందో అడిగితే, "దారున్నన్ని" అంది. చెల్లెల్ని పలకరించలేదు. సంచి జిప్పు తీసి మంచం మీద బోర్లించింది.

బంగారి చిన్నత్త ముఖంలోకి ఒక్కసారి చూసింది. చూసి, ఎవరో తరుముతున్నట్టు మంచం కిందకు దూకి, గోడ మూలకు వెళ్ళి నక్కింది. చిన్నత్త పిలిచింది. రాలేదు. వదిన పాలు పెట్టింది. రాలేదు. నేను కర్రతో మెల్లగా కదిపితే నా చెయ్యి గీరింది. విమానం పోగొట్టి, రాత్రీ పగలూ బస్సులు మార్పించి, నన్ను మనుషుల మధ్యలో నిలబెట్టిన ఆ పిల్లి, తీరా చేసేదేమిటంటే మంచం కింద కూర్చుని మమ్మల్ని చూడటం. చిన్నత్త మళ్ళీ గోడ వైపు తిరగబోయింది.

అత్త చేతులు కడుక్కొచ్చి మంచం అంచున కూర్చుంది. "కూసింత పెరుగన్నం కలపవే, మెత్తగా" అంది వదినతో. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏటే కోడలా. ఇమానం ఎలగుంది?"

"బాగుంది."

"బాగుంటాదని నాకూ తెలుసు. మొదట్నించి సెప్పు. ఎక్కడానికి మెట్లా, నిచ్చెనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పడుకోవలసిన మనిషి, ఈ పరిస్థితిలో, మెట్లా నిచ్చెనా అట. "మెట్లే" అన్నాను.

"కండక్టరెవలు?"

"అమ్మాయిలే అత్తా. ఇద్దరు."

"నిలబడ్డోళ్ళున్నారా?"

"విమానంలో నిలబడనివ్వరు."

"మరి ఖర్చెలాగొస్తాది ఆళ్ళకి? సరే, బెల్లు ఎక్కడుంటాది?"

"నెత్తి మీద. నొక్కితే వాళ్ళు వస్తారు."

"ఆళ్ళు నొక్కితే మనం దిగడం కాదేటి, మనం నొక్కితే ఆళ్ళు రావడమేటి!" అంది అత్త. చిన్నత్త ఇటు తిరిగి వింటోంది. "తర్వాత?"

నేను చెప్పసాగాను. విమానం ముందు బస్సులాగే నేల మీద పరిగెడుతుందని, తర్వాత కడుపు కిందికి జారినట్టవుతుందని, సముద్రం పక్కకు ఒరిగి గోడలాగా నిలబడుతుందని చెప్పాను. ఆవిడ ప్రతి దానికీ ఒక అర్థంలేని ప్రశ్న వేసి, "తర్వాత?" అంటోంది. ఇక చాలు, నన్ను వదిలెయ్ అని అరవాలనిపించి తలెత్తాను.

అప్పుడు చూశాను. నేను సముద్రం గురించి చెబుతుంటే చిన్నత్త నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అత్త చెయ్యి చడీచప్పుడు లేకుండా వెళ్ళి అందులో ఒక ముద్ద పెట్టి వచ్చింది. చిన్నత్త నమిలింది. అత్త కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"రెక్క ఊగుతాదా?" అంది చిన్నత్త.

ఊగుతుందన్నాను. చివర చిన్న దీపం ఉంటుందన్నాను. ముద్ద. మబ్బులు పైనుంచి చూస్తే దూది ఆరబోసినట్టు ఉంటాయన్నాను. ముద్ద. నా జన్మలో అంతసేపు నేను ఎప్పుడూ మాట్లాడి ఉండను. గొంతు ఎండిపోతోంది. ఉన్నది గంట ప్రయాణం, చెప్పాల్సినదంతా చెప్పేశాను.

"తర్వాత హైదరాబాదు వచ్చేసింది. దిగిపోయాం" అన్నాను.

చిన్నత్త నోరు మూసుకుంది. అత్త నా వైపు కోపంగా చూసి, గిన్నెను కొంచెం నా వైపు వంచింది. సగానికి పైగా అన్నం ఇంకా అలాగే ఉంది.

"అప్పుడే దింపేస్తావేటే?" అంది. "తిప్పు. ఇంకో సుట్టు తిప్పు."

"దిగబోతుంటే కింద ఖాళీ లేదన్నారు" అన్నాను. "అందుకని మళ్ళీ పైకి లేపారు."

చిన్నత్త నోరు తెరిచింది.